ఎలుకల మందు, దోగాడే బిడ్డ

పోయిన సంవత్సరం రంజాన్‌కు మూడు వారాల ముందు మన సొసైటీ హాలులో జరిగిన సంగతిని ఈ సంచికలో రాయమని కార్యవర్గం నన్ను అడిగింది. తప్పు నాది కాబట్టి రాయడమూ నా పనే అని ఒప్పుకున్నాను. ముప్పై ఏళ్ళు జూనియర్ కాలేజీలో జంతుశాస్త్రం చెప్పినవాడిని. ఎలుక గురించి నాకు ఒకరు చెప్పేదేముందిలే అన్న ధీమా నాకుండేది.

దాతలు పంపిన బియ్యం బస్తాలు, కందిపప్పు, గోధుమపిండి, చక్కెర, సేమియా, ఖర్జూరం పెట్టెలు హాలు వెనక గదిలో గోడకు ఆనించి పేర్చి ఉన్నాయి. పక్క గదిలోనే ఆడపిల్లలకు కుట్టు మిషన్ల క్లాసు. క్లాసుకు వచ్చే తల్లుల్లో చాలామందికి చంటిపిల్లలు. ఇంట్లో చూసేవాళ్ళు లేక వెంట తెచ్చుకుంటారు. ఒకరోజు సరుకు లెక్క చూస్తుంటే మూడు బస్తాల మూలలు కొరికి ఉన్నాయి. నేల మీద చక్కెర సన్నటి గీతలా కారింది. గోడ వెంట నల్ల జీలకర్ర చల్లినట్టు పెంటికలు. జకాత్ సొమ్ముతో వచ్చిన తిండి కళ్ళముందే ఎలుకల పాలవుతుంటే ఆగలేకపోయాను. బజారుకు వెళ్ళి టూత్‌పేస్టులా ట్యూబులో వచ్చే ఎలుకల మందు తెచ్చాను. టమాటా ముక్కల మీద రాసి, రాత్రి బస్తాల వెనక పెట్టి, తలుపు తాళం వేసి వెళ్ళాను.

పొద్దున్నే కూపన్ల జాబితా పనిలో పడి ఆ ముక్కల సంగతి మరిచిపోయాను. కిట్లు కట్టే కుర్రాళ్ళు వచ్చి గది తెరిచారు. పదకొండు గంటలప్పుడు, ఇంకా మూడేళ్ళు నిండని ఒక బాబు ఆ గదిలోంచి టమాటా ముక్క చేత్తో పట్టుకుని బయటికి వచ్చాడు. మూతి నిండా ఎర్రగా ఉంది. వాళ్ళ అమ్మ ముక్క లాగేసి, నోట్లో వేలు పెట్టి చూసి, "ఏం తిన్నాడు చాచా, ఇది ఏంటిది?" అని అడిగింది. నా నోట మాట రాలేదు.

ఆసుపత్రిలో పిల్లల డాక్టరు మొదట అడిగిన ప్రశ్న "ఏ మందు?" అని. ట్యూబు పెట్టె నేను ముందురోజే చెత్తలో పారేశాను. మన చౌకీదారు పరుగున వెళ్ళి చెత్తకుండీ వెతికి తెచ్చేదాకా డాక్టరుకు ఏమీ చెప్పలేకపోయాం. పెట్టె చూసి ఆయన బాబును చేర్చుకున్నారు. బాబు ఆడుకుంటున్నాడు, నవ్వుతున్నాడు, బిస్కెట్టు అడుగుతున్నాడు. సాయంత్రానికి వాళ్ళ నాన్న, "బాగానే ఉన్నాడు కదా, తీసుకుపోతాం" అన్నాడు. డాక్టరు ఒప్పుకోలేదు. "ఇవాళ బాగున్నాడని నమ్మడానికి లేదు. ఈ మందుకు మూడో రోజే అసలు రోజు" అన్నారు. రోజూ రక్తం తీసి కాలేయం పరీక్షలు చేశారు. అల్లాహ్ దయవల్ల ఐదో రోజు ఇంటికి పంపారు. ముక్క నాకాడేమోగానీ మింగి ఉండడని తేల్చారు. చౌకీదారు ఇంటి పిల్లికి మాత్రం అంత అదృష్టం లేదు. నాలుగో రోజు నీళ్ళ తొట్టి పక్కన చచ్చి పడి ఉంది. అది మందు ముక్కనే తిన్నదో, మందు తిన్న ఎలుకను తిన్నదో చెప్పలేను.

ఆ ఐదు రోజులు ఆసుపత్రి వరండాలో కూర్చుని విన్నదీ, తరువాత పుస్తకాలు మళ్ళీ తిరగేసి తెలుసుకున్నదీ, హాలులోనూ మా ఇంట్లోనూ చేసి చూసినదీ కింద రాస్తున్నాను. దీనిలో చాలా భాగం నాకు ముందే తెలిసి ఉండాల్సింది.

దుకాణంలో అడిగేది ఒకటే మందు, లోపల నాలుగు విషాలు

మనం "ఎలుకల మందు ఇవ్వు భాయ్" అంటాం. దుకాణదారు చేతికి ఏది వస్తే అది ఇస్తాడు. కానీ ఆ ఒక్క పేరు కింద ఒకదానికొకటి సంబంధం లేని విషాలు ఉన్నాయి. బిడ్డ నోట్లో పడితే ఒక్కొక్కటి ఒక్కో దారిలో పోతుంది.

ట్యూబులో వచ్చే పేస్టులో ఉండేది పసుపు భాస్వరం. నేను పెట్టింది ఇదే. మనిషికి కూడా చాలా కొద్ది మోతాదు చాలు. దీని మోసం ఏమిటంటే తిన్న రోజు కాస్త వాంతి, కడుపునొప్పి ఉండవచ్చు, అసలు ఏమీ లేకపోనూవచ్చు. తరువాత ఒకటి రెండు రోజులు మనిషి తేరుకున్నట్టే ఉంటాడు. ఇంటికి పోయి అన్నం తింటాడు. ఆ సమయంలోనే లోపల కాలేయం దెబ్బతింటూ ఉంటుంది. కళ్ళు పచ్చబడేసరికి చాలా ఆలస్యం అవుతుంది. దీనికి విరుగుడు మందు లేదు. టూత్‌పేస్టు అనుకుని బ్రష్షు మీద వేసుకున్నవాళ్ళు కూడా ఉన్నారు. పొరుగున తమిళనాడు ప్రభుత్వం ఈ పేస్టు అమ్మకాన్ని నిషేధించింది. చట్టం మాట ఎలా ఉన్నా, పిల్లలున్న ఇంట్లోకి దీన్ని తేకూడదు. ఇప్పటికే సజ్జ మీద ట్యూబు ఉంటే ఈ వ్యాసం పూర్తి చేసేలోగా దాన్ని ఎక్కడ పెట్టారో గుర్తు చేసుకోండి.

రెండోది నల్లటి పొడి, జింకు ఫాస్ఫైడ్. బియ్యం నూకలోనో శనగపిండిలోనో నూనెతో కలిపి ఉండలు చేసి పెడతారు. కడుపులోని ఆమ్లం తగలగానే ఫాస్ఫీన్ అనే విషవాయువు పుడుతుంది. దీనికీ విరుగుడు లేదు. ఇది గింజ రూపంలో ఉంటుంది కాబట్టి కోడికీ ప్రమాదమే, మేకకూ ప్రమాదమే. బక్రీద్‌కు ముందు పెరట్లో మేకను కట్టేసే ఇళ్ళు మనలో ఎన్ని లేవు! దాని దాణా కోసం ఎలుకలు వస్తాయి, ఎలుకల కోసం మనం ఉండలు పెడతాం, మెడతాడు కాస్త పొడవుంటే ఉండ మేక నోట్లో పడుతుంది.

మూడోది అల్యూమినియం ఫాస్ఫైడ్ గోలీలు. గోదాముల్లో ధాన్యానికి పురుగు పట్టకుండా వాడేవి. వీటిని శిక్షణ పొందినవాళ్ళ పర్యవేక్షణలోనే వాడాలని నియమం ఉంది. అయినా చిల్లరగా దొరికి, ఎలుక బొరియలో వేసేవాళ్ళు, బియ్యం డబ్బాలో వేసేవాళ్ళు ఉన్నారు. తేమ తగిలితే చాలు, ఇవి కూడా అదే వాయువు వదులుతాయి. ఎవరూ నోట్లో పెట్టుకోనక్కరలేదు. కిటికీలు మూసిన గదిలో నిద్రపోతే చాలు. ఈ వాయువు గోడ పగుళ్ళ గుండా పక్క గదిలోకి కూడా పోతుంది. మనుషులు నిద్రపోయే ఇంట్లో ఈ గోలీకి చోటు లేదు. దీని గురించి ఇంతకన్నా చెప్పేదేమీ లేదు.

నాలుగోది నీలం, ఆకుపచ్చ, ఎరుపు రంగుల్లో బిళ్ళలుగా వచ్చే బ్రోమాడయోలోన్. ఇది రక్తం గడ్డకట్టడానికి కావలసిన విటమిన్ కె పనిని ఆపేస్తుంది. ఫలితం రెండు మూడు రోజులకుగానీ, ఒక్కోసారి ఇంకా ఆలస్యంగా గానీ బయటపడదు. చిగుళ్ళ నుంచి రక్తం, ముక్కు నుంచి రక్తం, తగలకుండానే నీలి మచ్చలు, ఎర్రటి మూత్రం కనిపిస్తాయి. ఉన్నంతలో దీనికి ఒక మేలుంది, విటమిన్ కె1 విరుగుడుగా పనిచేస్తుంది. కానీ మిఠాయిలా కనిపించే రంగు దీనిది. పైగా తిన్న ఎలుక వెంటనే చావదు. నాలుగైదు రోజులు మందకొడిగా తిరుగుతుంది, పిల్లికి సులువుగా చిక్కుతుంది. అలాంటి ఎలుకలను తిన్న పిల్లి, కుక్క, గుడ్లగూబ కూడా అదే విషంతో చనిపోవచ్చు. అంటే ఎలుకను పట్టే ప్రాణినే మనం చంపుకుంటాం.

నాఫ్తలీన్ గోలీలు ఎలుకలను ఆపవు. పిల్లలు మాత్రం వాటిని పిప్పరమెంటు అనుకుని చప్పరిస్తారు. జి6పిడి అనే ఎంజైము లోపం ఉన్న పిల్లలకు ఒక్క గోలీయే ఎర్ర రక్తకణాలు పగిలిపోయేంత పని చేయగలదు. ఆ లోపం ఉందో లేదో మనలో ఎంతమందికి తెలుసు?

వచ్చింది ఎవరు?

మందు పక్కన పెట్టాక మిగిలేది ఆలోచన. ముందుగా, ఇంట్లోకి వచ్చింది ఏదో తెలియాలి. పెంటికలు బియ్యపు గింజంత, రెండు చివరలా మొనతేలి ఉంటే చిట్టెలుక. అంగుళంలో సగం, అంతకన్నా పెద్దవైతే పెద్ద ఎలుక. పెరట్లో మట్టి తోడి కుప్పపోసి, గున్నగా, గురకపెట్టినట్టు శబ్దం చేసేది పందికొక్కు. పొడుగు మూతి, చిన్న కళ్ళు, కీచుమంటూ గోడ వెంట పరుగెత్తి, వెళ్ళాక కస్తూరి కంపు వదిలేది చుంచు. చుంచు అసలు ఎలుక జాతే కాదు. అది తినేది బొద్దింకలు, పురుగులు. దాన్ని చంపితే బొద్దింకలు పెరుగుతాయి తప్ప బియ్యం మిగలదు. తలుపు తీసి బయటికి తోలితే చాలు.

ఈ వ్యాసం చిట్టెలుక గురించే, ఎందుకంటే ఇళ్ళ లోపల కాపురం పెట్టేది ఎక్కువగా అదే. గర్భం మూడు వారాలు. ఈతకు ఐదారు పిల్లలు. ఆ పిల్లలు ఆరు వారాలకే ఈనడానికి సిద్ధం. అందుకే ఒక్కటి కనిపించింది కదా, దాన్ని కొట్టేశాం కదా అనుకుంటే సరిపోదు. రోజుకు అది తినేది మూడు నాలుగు గ్రాములే, కానీ వేసే పెంటికలు యాభై పైనే. పాడుచేసేది తినేదానికన్నా చాలా ఎక్కువ. నీళ్ళు లేకున్నా తిండిలోని తడితో బతికేస్తుంది. గూటి నుంచి దూరం పోదు. మామూలుగా పది మీటర్ల లోపే దాని లోకమంతా. ఈ చివరి మాట గుర్తుంచుకోవాలి. చిట్టెలుక కనిపించిన చోటికి దాని గూడు దగ్గరలోనే ఉంటుంది.

పెన్సిలు పరీక్ష

పెన్సిలు దూరే రంధ్రంలో చిట్టెలుక దూరుతుంది. తల పట్టితే ఒళ్ళంతా పడుతుంది. మా ఇంట్లో నేనూ మనవరాలూ ఒక ఆదివారం పెన్సిలు పట్టుకుని ఇల్లంతా తిరిగాం. చాలా సందులు దొరికాయి. వంటగదిలో గ్యాసు గొట్టం గోడలోకి పోయే చోట ఒకటి. ఏసీ గొట్టం చుట్టూ, బిగించినవాడు మట్టిముద్ద అంటించి వెళ్ళిపోయిన చోట ఒకటి. వాషింగ్ మిషను నీళ్ళు పోయే గొట్టం దగ్గర ఒకటి. సింకు కింద రెండు. నాపరాళ్ళు పరిచిన మా పాత మిద్దెలో రాయికీ గోడకూ మధ్య సున్నం రాలిన చోట్ల నాలుగు. అన్నిటికన్నా పెద్దది మేం రోజుకు వందసార్లు దాటే వీధి తలుపు కింది సందు.

గుడ్డలు కుక్కితే ఎలుక వాటిని గూటికి పరుపు చేసుకుంటుంది. చెక్క, ప్లాస్టిక్, థర్మోకోలు కొరికేస్తుంది. గిన్నెలు తోమే స్టీలు పీచును గట్టిగా కుక్కి పైన సిమెంటు పూయాలి. పీచు స్టెయిన్‌లెస్ స్టీలుదైతే తుప్పు పట్టదు. తలుపు కింద రేకు పట్టీ కొట్టించాలి. తూములకు సన్నకళ్ళ ఇనుప జాలీ. మేస్త్రీ కూలీ, సిమెంటు, పట్టీలు అన్నీ కలిపినా, ఏటా కొనే మందుల ఖర్చును నాలుగైదేళ్ళు లెక్కవేస్తే ఎక్కువేమీ కాలేదు. అయితే ఒక జాగ్రత్త: లోపల ఎలుకలు ఉండగానే అన్ని సందులూ మూసేస్తే అవి లోపలే చచ్చి కంపు కొడతాయి. బోనులు పెడుతూ ఒక్కొక్కటే మూసుకుంటూ రావాలి. తలుపు కింది సందు మాత్రం మొదటి రోజే మూయవచ్చు.

ఇక తిండి. రాత్రి దస్తర్‌ఖాన్ దులిపేది ఎక్కడో చూసుకోండి. మా ఇంట్లో వంటగది గుమ్మం బయటే దులిపేవాళ్ళం, పొద్దున్న ఊడ్చుకోవచ్చని. అది ఎలుకలకు మేం రోజూ వేసే దావత్. సహరీ, ఇఫ్తార్ నెలలో ఇది రెండింతలు. పిల్లి గిన్నెలో మిగిలిన అన్నం, పావురాలకు చల్లిన జొన్నలు, కోళ్ళ దాణా, సోఫా కింద బిడ్డ దాచుకున్న బిస్కెట్టు ముక్క, ఇవన్నీ లెక్కలోకి వస్తాయి. పెంపుడు జంతువుకు రాత్రంతా తిండి వదిలిపెట్టడం మానాలి. పెట్టి, తిన్నాక గిన్నె ఎత్తేయాలి. బియ్యం, పప్పు, పిండి గోనెసంచిలోంచి మూత బిగుసుకునే స్టీలు డ్రమ్ములోకి మారాలి. మన పెద్దలు బానలకు మూతపెట్టి పైన రాయి ఉంచినది ఊరికే కాదు.

పాత్రలు మూసి ఉంచమని, పడుకునే ముందు దీపం ఆర్పమని దైవప్రవక్త (స) చెప్పారు. ఎలుక వత్తిని లాగి ఇంటిని తగలబెట్టవచ్చన్నది ఆయన చూపిన కారణం. ఇప్పుడు వత్తి దీపాలు లేవు, కరెంటు తీగలున్నాయి. ఎలుక ముందుపళ్ళు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి. వాటిని అరగదీసుకోవడానికి దేన్నయినా కొరకాలి. ఫ్రిజ్ వెనక తీగ తొడుగు కొరికితే షార్ట్ సర్క్యూట్ అయ్యేది ఎలాగో మనకు తెలుసు. నెలకోసారి ఫ్రిజ్ జరిపి వెనక్కి చూడడం మంచిది, ప్లగ్గు పీకాకే సుమా.

బోను పెట్టడం తెలియాలి

బోను పెట్టినా పడలేదు అనేవాళ్ళు ఎక్కువగా దాన్ని గది మధ్యలో పెట్టి ఉంటారు. చిట్టెలుక నడిచేది గోడకు మీసం తగిలిస్తూ. బోను గోడకు ఆనాలి, ఎర ఉన్న వైపు గోడ వైపు ఉండాలి. ఒకటి చాలదు. పెంటికలు కనిపించిన గోడ వెంట రెండు మూడు మీటర్లకు ఒకటి చొప్పున ఒకే రాత్రి నాలుగైదు పెట్టాలి. వారానికి ఒక్క బోను చొప్పున నెలంతా పెట్టేదానికన్నా, మొదటి మూడు రాత్రులు ఎక్కువ పెట్టడం మేలు. ఎర పెద్దదిగా ఉండకూడదు. ఎలుక దాన్ని లాక్కుని పారిపోతుంది. శనగగింజంత ఎండుకొబ్బరి, లేదా వేలితో అద్దిన వేరుశనగ ముద్ద చాలు. మా హాలులో అన్నిటికన్నా బాగా పనిచేసింది మిర్చి బజ్జీ పైన కరకరలాడే శనగపిండి తునక. పెద్ద ఎలుకలు కొత్త వస్తువును అనుమానిస్తాయి కాబట్టి వాటికి రెండు మూడు రోజులు బోను బిగించకుండా ఎర మాత్రం పెట్టి అలవాటు చేయాలి. చిట్టెలుకకు ఆ అనుమానం లేదు, అది కొత్తదాన్ని వాసన చూడకుండా ఉండలేదు.

స్ప్రింగుతో ఠక్కున కొట్టే బోను ఎలుకకు త్వరగా చావునిస్తుంది, కానీ బిడ్డ వేలినీ పిల్లి కాలినీ కూడా కొడుతుంది. దీనికి మా వడ్రంగి చేసిన ఉపాయం ఇది: చెప్పుల పెట్టె అంత చెక్క పెట్టె, పైన కొక్కెం ఉన్న మూత, రెండు చివరలా గోడ పక్కన ఒక్కో చిన్న రంధ్రం. లోపల బోను, రంధ్రానికి చెయ్యి దూరినా అందనంత లోపలికి. ఎలుక దూరుతుంది, పిల్లి దూరదు, రెండేళ్ళ బిడ్డ మూత తీయలేడు. పెట్టెను గోడకు మేకుతో బిగిస్తే ఈడ్చుకుపోవడమూ ఉండదు. బోనులు ఇషా తరువాత బిగించి, ఫజర్‌కు లేవగానే తీసేయాలి. ఎన్ని పెట్టామో గోడ మీద కాలెండరులో రాసుకోవాలి. ఆ రోజు నేను టమాటా ముక్కలు ఎన్ని పెట్టానో నాకే తెలియదు, వెతికేటప్పుడు ఏడు దొరికాయి, ఎనిమిదోది ఉందో లేదో ఈ రోజుకూ చెప్పలేను.

తీగల బోనులో బతికి పడిన ఎలుకను ఏం చేయాలన్నది చాలామంది అడిగే ప్రశ్న. పక్క వీధిలో వదిలితే అది పక్కింటివాళ్ళ ఎలుక అవుతుంది, లేదా తిరిగి మనదే అవుతుంది. బక్కెట్టులో ముంచడం మన ఊళ్ళల్లో మామూలు, కానీ అది నెమ్మదైన చావు. ఎండలో బోను వదిలేయడం ఇంకా ఘోరం. ఎలుకను చంపడానికి మన ధర్మం అనుమతించింది, చంపేటప్పుడు కూడా బాధ పెట్టకుండా చంపమనీ చెప్పింది. గోనెసంచిలోకి దులిపి ఒక్క దెబ్బతో ముగించగలిగిన చెయ్యి ఇంట్లో లేకపోతే తీగల బోను కొనవద్దు, స్ప్రింగు బోను పెట్టెలో పెట్టుకోండి. జిగురు అట్టలు మాత్రం ఎవరికీ వద్దు. ఎలుక వాటిమీద గంటల తరబడి కీచుమంటూ, చర్మం ఊడేలా పెనుగులాడుతుంది. బల్లి అంటుకుంటుంది, పిచ్చుక అంటుకుంటుంది, పిల్లికూన అంటుకుంటుంది. పిల్ల చేతికో పిల్లికూనకో అంటితే లాగకండి, వంటనూనె రాస్తూ మెల్లగా వదిలించాలి.

చెవికి వినిపించని శబ్దంతో ఎలుకలను తరిమేస్తాయని ప్లగ్గులో పెట్టే యంత్రాలు అమ్ముతారు. మా తమ్ముడు కొన్నాడు. వారం తరువాత దాని పక్కనే ఉన్న అల్మారాలో ఎలుక ఈనింది. పిల్లిని పెంచుకుంటే చాలా అంటే, అది దానిష్టం. కొన్ని వేటాడతాయి, కొన్ని పాలు తాగి పడుకుంటాయి. పిల్లి ఉన్న ఇంట్లో మందు పెట్టకూడదన్నది మాత్రం ఖాయం.

అన్నీ చేశాక కూడా బయట పెరట్లో, గోదాము చుట్టూ మందు తప్పదనుకుంటే, గింజల రూపంలో ఉన్నది కాకుండా బిళ్ళలే తెచ్చి, తాళం ఉన్న ఎర పెట్టెలో, లోపలి కడ్డీకి గుచ్చి, పెట్టెను గోడకు బిగించి పెట్టించాలి. ఆ పని తెలిసినవాళ్ళతోనే చేయించాలి. చచ్చిన ఎలుకలను రోజూ ఏరి లోతుగా పాతిపెట్టాలి. చెత్తకుప్పలో వేస్తే కుక్కలూ గద్దలూ తింటాయి.

శుభ్రం చేసేటప్పుడు పెంటికలను పొడి చీపురుతో ఊడవకండి, ఆ దుమ్ము ముక్కులోకి పోతుంది. ఎలుక మూత్రం నుంచి లెప్టోస్పైరా జ్వరం కూడా వస్తుంది. ఒకవంతు బ్లీచింగ్ ద్రావణానికి పది వంతుల నీళ్ళు కలిపి చల్లి, ఐదు నిమిషాలు నానాక, చేతి తొడుగులతో గుడ్డపెట్టి తుడవాలి. బ్లీచింగ్‌లో మరుగుదొడ్డి యాసిడ్ కలపకూడదు, విషవాయువు వస్తుంది.

ఒకవేళ నోట్లో పెట్టుకుంటే

నోట్లో మిగిలింది వేలికి గుడ్డ చుట్టి తీసేయండి. మూతి, చేతులు కడగండి. ఉప్పునీళ్ళు, చింతపండు రసం, సబ్బునీళ్ళు తాగించి వాంతి చేయించకండి. పాలు, నెయ్యి, నూనె పట్టకండి. కొవ్వుతో భాస్వరం ఒంట్లోకి ఇంకా తొందరగా ఇంకుతుంది. మా అమ్మ ఉండి ఉంటే మొదట చేసే పని అదే, విషానికి పాలు విరుగుడని ఆమె నమ్మకం. మందు పెట్టె, ట్యూబు, చివరికి చిరిగిన రేపరైనా తీసుకుని వెంటనే పెద్దాసుపత్రికి వెళ్ళండి. బండి లేకపోతే 108. ఢిల్లీ ఎయిమ్స్‌లోని జాతీయ విష సమాచార కేంద్రం ఉచిత నంబరు 1800 116 117. మీరే గానీ, మీ ఊరి డాక్టరు గానీ అడగవచ్చు. బిడ్డ ఆడుకుంటున్నాడు కదా అని ఇంటికి తీసుకురాకండి. పిల్లి, కుక్క, మేక అయినా అంతే, ఆ పెట్టెతోనే పశువైద్యుని దగ్గరికి.

ఈ ఏడు మన హాలులో

దాతలకు లెక్క చెప్పడం నా బాధ్యత. వెనక గదిలో గోడకు మూరెడు ఎడంగా, నేలకు అడుగు ఎత్తున చెక్క రాకులు వేయించాం. బస్తాల వెనక మనిషి నడిచి చూడగలిగేంత చోటుంది. తలుపు కింద రేకు పట్టీ, తూముకు జాలీ పడ్డాయి. కొరికిన బస్తాలు పోయినేడు మూడు, ఈ ఏడు ఒక్కటీ లేదు. చెక్క పెట్టెలు ఆరు చేయించాం, వాటిలో మొదటి వారంలో పద్నాలుగు చిట్టెలుకలు పడ్డాయి, తరువాత ఏమీ పడలేదు. గది తాళంచెవి ఒక్కరి దగ్గరే ఉంటుంది, పిల్లలకు అక్కడ పని లేదు.

దాతలను రెండు అడుగుతున్నాను. సరుకు ఇచ్చేవారు నెల ముందు పంపవద్దు. మేం ఫోను చేసిన వారంలో పంపండి. నిలవ ఉన్న కొద్దీ ఎలుకకు పిలుపు. రెండోది, కిట్టుతో పాటు బిగుతు మూత ఉన్న ఒక రేకు డబ్బా ఇవ్వాలని కార్యవర్గం ముందు పెట్టాను. మన కిట్లు వెళ్ళే ఇళ్ళు చాలావరకు ఒకే గది. వంట, పడక, బియ్యం అన్నీ అక్కడే. పిల్లలు నేల మీదే పడుకుంటారు. ఆ గదిలో ఎలుకల మందు పెట్టడానికి బిడ్డ చెయ్యి అందని చోటంటూ లేదు. మనమిచ్చిన బియ్యం సంచిలోనే ఉంటే ఆ అమ్మ మందు కొనక ఏం చేస్తుంది? డబ్బా ఉంటే ఆ అవసరమే రాదు.

ఆ బాబు ఇప్పుడు క్లాసుకు వస్తూనే ఉన్నాడు, వాళ్ళమ్మ కుట్టు పూర్తిగా నేర్చుకుని రెండో బ్యాచికి నేర్పుతోంది. నన్ను చూస్తే "టమాటా తాతా" అంటాడు. డబ్బాల నమూనాలు రెండు ఆఫీసు గదిలో ఉంచాం. మీరు వచ్చినప్పుడు మూత బిగించి చూడండి, రెండేళ్ళ పిల్లాడు తీయలేనిది ఏదో చెప్పండి.